ఫిజిక్స్ చదువుకు ర్యాంకు పట్టిక దారి చూపదు

ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఇంజనీరింగ్ వద్దు ఫిజిక్సే చదువుతాను అనే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో కొద్దిమందే అయినా ప్రతి ఏడూ ఉంటారు. ఆ మాట ఇంట్లో అన్న రోజునుంచీ వాళ్లకు వినిపించే సలహా ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటుంది. ఐఐటీలో వస్తే ఫిజిక్స్ అయినా ఫరవాలేదు, చేరిపో. రాకపోతే యూనివర్సిటీల ర్యాంకు పట్టిక ముందు పెట్టుకుని పైనుంచి కిందికి అప్లై చేసుకుంటూ రా, మొదట ఎక్కడ సీటొస్తే అక్కడ చేరు. పట్టికలో పేరు లేనిచోట బీఎస్సీ చదవడం కంటే ఊరిపక్క కాలేజీలో బీటెక్ నయం. బంధువులు, కోచింగ్ కాలేజీల అధ్యాపకులు, అడ్మిషన్ల కన్సల్టెంట్లు దీన్నే రకరకాలుగా చెబుతారు. పిల్లల మేలు కోరి చెప్పే మాటే, అయినా తప్పు మాట. ఫిజిక్స్ డిగ్రీకి ఎక్కడెక్కడ దరఖాస్తు చేయాలో తేల్చడానికి ర్యాంకు పట్టిక పనికిరాదనీ, సంస్థ పేరు కొద్దిగా మాత్రమే పనికొస్తుందనీ, అసలు చూడవలసినవి వేరే ఉన్నాయనీ, వాటిని చదువుకోని తల్లిదండ్రులు కూడా కాలేజీకి వెళ్లి చూసి తెలుసుకోవచ్చనీ నా వాదన.

ముందు ఆ పట్టిక దేన్ని కొలుస్తుందో చూద్దాం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు 2016 నుంచి వెలువడుతున్నాయి. విశ్వవిద్యాలయాల లెక్కలో నూటికి 30 పాళ్లు బోధన, వనరులకు, 30 పరిశోధనకు, 20 చదువు పూర్తిచేసినవారి ఫలితాలకు, 10 అన్ని వర్గాలవారికీ ఉన్న అందుబాటుకు, 10 సంస్థ మీద ఇతరులకున్న అభిప్రాయానికి. బోధన అనే ఆ 30లో కూడా తరగతిలో పాఠం ఎలా సాగుతోందన్నది లేదు. విద్యార్థులకూ అధ్యాపకులకూ ఉన్న నిష్పత్తి, పీహెచ్‌డీ ఉన్నవారి సంఖ్య, పెట్టిన ఖర్చు వంటి అంకెలే ఉన్నాయి. ఈ అంకెలు సంస్థ మొత్తానివి. ఫార్మసీకీ మేనేజ్‌మెంటుకూ విడి పట్టికలున్నాయి కానీ ఫిజిక్స్‌కు లేదు. కాబట్టి ఒక విశ్వవిద్యాలయం ఫలానా స్థానంలో ఉందంటే అది ఫార్మసీ విభాగం పుణ్యమో, బయోటెక్నాలజీ పత్రాల పుణ్యమో పట్టిక చూసి చెప్పలేం. విదేశీ పట్టికలు ఇంకా దూరం. క్యూఎస్ సంస్థ 2024 పట్టిక నుంచి వాడుతున్న సూత్రంలో 30 శాతం ఇతర విద్యావేత్తల అభిప్రాయం, 15 శాతం ఉద్యోగాలిచ్చేవారి అభిప్రాయం. అంటే సగానికి దగ్గరగా పేరుకే మార్కులు. పేరును కొలిచి తయారుచేసిన పట్టికను చూపించి, చూశావా ఎంత పేరుందో అనడంలో కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఫిజిక్స్‌కే సంబంధించిన ఒక ఉదాహరణ దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. 2013లో టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ప్రపంచ పట్టికలో భారతదేశం నుంచి అన్నింటికంటే పైన నిలిచింది ఐఐటీ కాదు, చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం. దానికి 226 నుంచి 250 మధ్య స్థానం దక్కింది. అందరూ ఆశ్చర్యపోయారు. కారణం వెతికితే, ఆ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగం సెర్న్ ప్రయోగాల్లో భాగస్వామి. ఆ ప్రయోగాల పత్రాలకు వేలమంది రచయితలుంటారు. హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద 2015లో అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి ప్రచురించిన పత్రానికి 5,154 మంది రచయితలు. అలాంటి పత్రాలను ప్రపంచమంతా ఉటంకిస్తుంది గనుక, ఆ ఉటంకింపులన్నీ భాగస్వామి సంస్థలన్నింటి ఖాతాలో పూర్తిగా పడ్డాయి. 2015లో టైమ్స్ సంస్థ వెయ్యిమందికి మించి రచయితలున్న పత్రాలను లెక్కనుంచి తీసేసింది. పంజాబ్ విశ్వవిద్యాలయం ఐదు వందల అవతలికి జారింది. సెర్న్‌లో ఆ విభాగం చేసిన పని నిజమైనదే, గౌరవించదగినదే. కానీ ఆ రెండేళ్లలో అక్కడ బీఎస్సీ మొదటి సంవత్సరం చదివినవారి తరగతిలో, ల్యాబ్‌లో మారినదేమిటి? ర్యాంకు ఎగసినప్పుడు వాళ్ల చదువు పైకి పోలేదు, పడినప్పుడు కిందికి రాలేదు. ఆ అంకెను నమ్మి 2013లో చేరినవారూ, ఆ అంకెను చూసి 2016లో మానుకున్నవారూ ఒకే తప్పు చేశారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో బీఎస్సీ చదివేవారిలో అత్యధికులు విశ్వవిద్యాలయపు ప్రాంగణంలో చదవరు, దానికి అనుబంధంగా ఉన్న డిగ్రీ కాలేజీల్లో చదువుతారు. తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల (ఓఏఎండీసీ) ద్వారా సీటు తీసుకునేటప్పుడు ఎంచుకునేది కాలేజీని. పట్టాపై ఉస్మానియా అనో ఆంధ్రా అనో ఉంటుంది గానీ, ఆ విశ్వవిద్యాలయానికి వచ్చిన ర్యాంకుకూ ఆ కాలేజీ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ పనిచేస్తోందా లేదా అన్నదానికీ ఏ సంబంధమూ లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనూ ఇదే కథ. ఫిజిక్స్ ఆనర్స్‌కు అన్ని కాలేజీల్లో ఒకే సిలబస్, ఒకే పరీక్ష. తేడా అంతా పాఠం చెప్పే మనిషిలో, ల్యాబ్‌లో, పక్కన కూర్చునే విద్యార్థిలో ఉంది. అయినా మన పిల్లలు ఆ విశ్వవిద్యాలయం అనే మాట వింటే చాలు, ఏ కాలేజీ అని అడగకుండా రైలెక్కుతున్నారు.

మరి ఫిజిక్స్ దేనివల్ల వస్తుంది? ఈ ప్రశ్నకు ఫిజిక్స్ బోధన మీద పరిశోధన చేసినవారు జవాబు వెతికారు. అమెరికాలో రిచర్డ్ హేక్ 1998లో ప్రచురించిన అధ్యయనం 62 కోర్సులకు చెందిన 6,542 మంది విద్యార్థులది. వాళ్లలో హైస్కూలు పిల్లలున్నారు, చిన్న కాలేజీలవారున్నారు, పెద్ద విశ్వవిద్యాలయాలవారున్నారు. బలం, చలనం గురించిన మౌలిక భావనలను కోర్సుకు ముందూ తర్వాతా పరీక్షించి, నేర్చుకోవడానికి మిగిలి ఉన్నదాంట్లో ఎంత నేర్చుకున్నారో లెక్కగట్టాడు. ఉపన్యాసం విని రాసుకునే పాత పద్ధతి తరగతుల్లో ఆ లాభం సగటున 0.23. విద్యార్థులు తరగతిలోనే ఆలోచించి, వాదించుకుని, వెంటనే తప్పొప్పులు తెలుసుకునే తరగతుల్లో 0.48. రెట్టింపుకు పైన. ఉపన్యాసం పాత పద్ధతిలోనే సాగినంతకాలం గొప్ప సంస్థ పేరు దాన్ని కాపాడలేకపోయింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్‌కు ఎదురైనదీ ఇదే. తన విద్యార్థులు కష్టమైన లెక్కలు చేస్తున్నారు గానీ, న్యూటన్ మూడో సూత్రం మీద మామూలు మాటల్లో అడిగిన ప్రశ్న దగ్గర తడబడుతున్నారని 1990 ప్రాంతంలో ఆయన కనుక్కున్నాడు. ఆ తర్వాతే తన బోధనా పద్ధతిని మార్చుకుని, 1997లో దాని మీద పుస్తకం రాశాడు. ప్రపంచ పట్టికల్లో ఎప్పుడూ ముందువరసలో ఉండే హార్వర్డ్‌లోనే ఉపన్యాసం విఫలమైతే, పట్టికలో ఎనభయ్యో స్థానానికీ నూట ఇరవయ్యో స్థానానికీ మధ్య తేడా ఏ విద్యార్థికి అక్కరకొస్తుంది?

ఇంకో సంగతి కూడా ఈ ఇరవై ఏళ్లలో మారింది. ఒకప్పుడు మంచి ఉపన్యాసం వినాలంటే మంచి సంస్థకు పోవలసిందే. ఇప్పుడు ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్‌కు చెందిన వి. బాలకృష్ణన్ క్వాంటం మెకానిక్స్, క్లాసికల్ ఫిజిక్స్ పాఠాలు పాలకొల్లులో ఉన్నవారికీ పారిస్‌లో ఉన్నవారికీ ఒకేలా ఉచితంగా అందుతున్నాయి. పుస్తకాలూ అంతే. విద్యుదయస్కాంతత్వానికి గ్రిఫిత్స్ పుస్తకం అన్నిచోట్లా అదే. మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం, ఉష్ణగతికశాస్త్రం, ఆప్టిక్స్, క్వాంటం మెకానిక్స్, వాటికి కావలసిన గణితం: ఈ వెన్నెముక ఏ మంచి డిగ్రీలోనైనా ఒకటే. అందువల్ల ఒక సంస్థను తూచేటప్పుడు, ఇంట్లో కూర్చుని పొందగలిగినదాన్నంతా ముందు తీసివేయాలి. తీసివేయగా మిగిలేవి రెండు. ఒకటి, మనం కట్టిన లెక్కను చదివి, ఎక్కడ తప్పామో చెప్పే మనిషి. రెండు, చేతులతో కొలిచే అవకాశం. దరఖాస్తు చేయాలా వద్దా అన్నది ఈ రెండింటిని బట్టే తేల్చుకోవాలి.

రెండోదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు అందులోనే ఎక్కువ నష్టపోతున్నారు. ఇంటర్ రెండేళ్లూ చాలా కార్పొరేట్ కాలేజీల్లో ల్యాబ్ తలుపు తెరిచేది ప్రాక్టికల్ పరీక్షల ముందు కొద్ది రోజులే. రీడింగులు సీనియర్ల రికార్డు నుంచి దిగుతాయి. సరళ లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోమంటే, ఏ ఊళ్లో చేసినా రికార్డులో 980 సెం.మీ./సె²కు అటూ ఇటూగా వస్తుంది, పుస్తకంలో అలా ఉంది గనుక. హైదరాబాద్‌లో దాని నిజమైన విలువ దాదాపు 978.3. మనం భూమధ్యరేఖకు దగ్గర, పైగా దక్కన్ పీఠభూమి మీద ఉన్నాం కాబట్టి అంత తక్కువ. ఈ రెండు అంకెలకూ తేడా వెయ్యిలో రెండు పాళ్లు కూడా లేదు. కానీ దారం పొడవును మిల్లీమీటరు వరకూ జాగ్రత్తగా కొలిచి, వంద డోలనాల కాలం తీసుకుని, మళ్లీ మళ్లీ చేసి, తన కొలతలో ఎంత తప్పు ఉండవచ్చో లెక్కకట్టే విద్యార్థి ఆ తేడాను పట్టుకోగలడు. పట్టుకుని, 980 ఎందుకు రాలేదని అడగగలడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధ్యాపకుడున్న ల్యాబ్‌లో ఫిజిక్స్ మొదలవుతుంది. సరైన సమాధానం 980 అని కొట్టేసి దిద్దించే ల్యాబ్‌లో అది అంతటితో ఆగిపోతుంది. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒక దారం, ఒక గుండు, ఒక స్టాప్‌వాచ్, తీరికగా వెచ్చించే ఒక మధ్యాహ్నం, పట్టించుకునే ఒక మనిషి చాలు. పై తరగతుల్లో ఫ్రాంక్-హెర్ట్జ్ ప్రయోగం, మిలికాన్ తైలబిందువు, గైగర్ కౌంటర్ ఉంటే మరీ మంచిది. కానీ అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్న పరికరం లేనిదాంతో సమానం.

ఈ వివరాలు ఎలా తెలుస్తాయని అడగవచ్చు. అంకెల పట్టిక అయితే ఎవరైనా చదువుతారు, ల్యాబ్ సంగతి పల్లెటూరి తండ్రికి ఎలా తెలుస్తుంది అన్నది న్యాయమైన అభ్యంతరమే. కానీ తెలుసుకోవడం కష్టమేం కాదు. కాలేజీకి పనిదినాన వెళ్లి ఫిజిక్స్ ల్యాబ్ చూపించమని అడగండి. టైంటేబుల్‌లో ప్రాక్టికల్స్‌కు వారానికి ఎన్ని గంటలున్నాయో, ఆ గంటల్లో నిజంగా ల్యాబ్ నడుస్తోందో చూడండి. ఒక పరికరం దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో లెక్కపెట్టండి. ఫిజిక్స్‌లో శాశ్వత అధ్యాపకులు ఎంతమంది, ఖాళీలెన్ని అని అడగండి. ఏళ్ల తరబడి నియామకాలు సరిగా జరగక, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పెద్ద పేరున్న విభాగాలు కూడా కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీద నడుస్తున్నాయి. వాళ్లలో ఎంతో బాగా చెప్పేవాళ్లున్నారు, అయితే వచ్చే ఏడాది ఉంటారో లేదో వాళ్లకే తెలియని పరిస్థితిలో ఉన్నారు. అన్నింటికంటే ముఖ్యంగా, మూడో ఏడాది చదువుతున్న ఇద్దరిని విడిగా పలకరించి, మీ లెక్కలు ఎవరు దిద్దుతారు, డౌట్ వస్తే ఎవరి గదికి వెళ్తారు అని అడగండి. వాళ్ల సమాధానం ఏ ర్యాంకు చెప్పలేనిది చెబుతుంది. దూరపు సంస్థలకైతే సిలబస్, ల్యాబ్ మాన్యువల్, అధ్యాపకుల పేర్లు, వాళ్లు చెప్పే కోర్సులు వెబ్‌సైట్లో ఉంటాయి. ల్యాబ్ మాన్యువల్ పెట్టని విభాగం గురించి కూడా ఆ లేకపోవడం కొంత చెబుతుంది.

ఈ కొలతతో చూస్తే దరఖాస్తు చేయవలసిన జాబితా మారిపోతుంది. ఐఐటీల ఫిజిక్స్ విభాగాలు దేశంలో మంచివాటిలోకి వస్తాయి, అందులో వాదం లేదు. ఫిజిక్స్ మీద ప్రేమతో, అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో అక్కడికి వెళ్లగలిగినవారు వెళ్లాలి. కానీ ఐఐటీ ముద్ర కోసం మాత్రమే ఫిజిక్స్ తీసుకుని, చేరిన రోజునుంచీ బ్రాంచి మార్పు గురించీ సాఫ్ట్‌వేర్ ప్లేస్‌మెంట్ల గురించీ ఆలోచించే వాతావరణంలో, ఫిజిక్స్ కోసమే వచ్చిన పిల్ల ఒంటరి కావచ్చు. 2006 నుంచి ఒక్కొక్కటిగా వచ్చిన ఏడు ఐసర్‌లు సైన్సు చదవడానికే పెట్టినవి. వాటిలో ఒకటి 2015లో తిరుపతిలో మొదలై ఇప్పుడు ఏర్పేడు ప్రాంగణంలో నడుస్తోంది. భువనేశ్వర్‌లోని నైసర్, ముంబైలోని సీఈబీఎస్ రెండూ 2007లో అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో మొదలయ్యాయి. వాటికి నెస్ట్ అనే పరీక్ష. ఐసర్‌లకు ఐఏటీ. అందులో 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీలకు సమంగా 15 చొప్పున. బయాలజీ చూసి ఎంపీసీ పిల్లలు వెనక్కి తగ్గుతున్నారు. కానీ పదో తరగతి తర్వాత బయాలజీ వదిలేసినవారు కూడా మిగిలిన మూడింటి బలంతో సీటు తెచ్చుకుంటున్నారు. బెంగళూరు ఐఐఎస్సీ కూడా తన నాలుగేళ్ల బీఎస్‌కు ఐఏటీ స్కోరు తీసుకుంటోంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ రాయాలి. వీటితోపాటు, పైన చెప్పిన పద్ధతిలో స్వయంగా చూసి ఎంచుకున్న రెండు డిగ్రీ కాలేజీలను దోస్త్‌లోనో ఓఏఎండీసీలోనో తప్పకుండా పెట్టుకోవాలి. విశ్వవిద్యాలయాలున్న నగరాల్లోని పాత ప్రభుత్వ కాలేజీలు కొన్ని, కొత్త భవనాల ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీల కంటే ఈ లెక్కలో ముందుంటాయి. ఫీజులో తేడా లక్షల్లో ఉంటుంది.

పేరుకు అసలు విలువే లేదా అంటే, ఉంది. తోటి విద్యార్థుల స్థాయి చదువును లాగుతుంది, అది నిజమైన లాభం. బయటి ప్రపంచం కూడా పేరు చూసి తలుపు తెరుస్తుంది. దీనిమీద అమెరికాలో జరిగిన ఒక పరిశోధనను నాకు వ్యతిరేకంగానూ వాడవచ్చు గనుక చెప్పాలి. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, సమాన ప్రతిభ ఉండి, ఒకే రకమైన కాలేజీలకు దరఖాస్తు చేసి, సీటు పొంది, తక్కువ పేరున్నచోట చేరినవారు ఎక్కువ పేరున్నచోట చేరినవారితో సమానంగానే సంపాదించారని తేలింది. అంటే పేరున్న కాలేజీ గొప్పతనంగా కనిపించినదాంట్లో ఎక్కువ భాగం చేరిన విద్యార్థి గొప్పతనమే. అయితే పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల నిజంగా లాభం కలిగింది. వాళ్ల తర్వాతి అధ్యయనంలో తల్లిదండ్రులకు పెద్ద చదువు లేని కుటుంబాల విషయంలోనూ అదే తేలింది. అది అమెరికా, అది జీతాల లెక్క, ఫిజిక్స్ లెక్క కాదు. అయినా మన తొలితరం విద్యార్థులకు ఇది పట్టించుకోవలసిన మాట. ఇంట్లో దారి చెప్పేవాళ్లు లేనివారికి సంస్థే దారి చెప్పాలి. కానీ అందుకు కావలసింది హాస్టల్లో ఉండి పరిశోధకుల మధ్య చదివే ఐసర్, నైసర్, కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోటు. అప్పు చేసి లక్షలు కట్టి, హోర్డింగు మీద ర్యాంకు వేసుకున్న యూనివర్సిటీలో చేరితే ఆ లాభం రాదు.

చివరగా ఉద్యోగం మాట. పేరులేని చోట బీఎస్సీ చేస్తే అంతటితో దారి మూసుకుపోతుందని భయపెడతారు. ఫిజిక్స్‌లో దారి మూడేళ్ల తర్వాత మళ్లీ తెరుచుకుంటుంది. ఐఐటీల ఎమ్మెస్సీ సీట్లకు జామ్ పరీక్ష రాయడానికి ఏ కాలేజీ అని అడగరు. అన్ని సబ్జెక్టులకూ కలిపి ఆ సీట్లు సుమారు 3,000. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్, గేట్, జెస్ట్ అంతే. నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. బార్క్ శిక్షణ పాఠశాల ఎమ్మెస్సీ ఫిజిక్స్ వారిని పరీక్షతో, ఇంటర్వ్యూతో తీసుకుంటుంది. ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతంలో నిలిచిన విద్యార్థికి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అది మార్కుల వెంట వస్తుంది, కాలేజీ ర్యాంకు వెంట రాదు. దీనికి ఒక పాత ఉదాహరణ భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం. ఆగిరిపల్లిలో పుట్టిన ఆయన హైదరాబాద్ నిజాం కాలేజీలో బీఎస్సీ చదివి, కలకత్తాలో రామన్ దగ్గరికి వెళ్లాడు. రామన్ ప్రయోగాలు చేసిన చోటు 1876లో మహేంద్రలాల్ సర్కార్ పెట్టిన సంఘపు ప్రయోగశాల, విశ్వవిద్యాలయం కూడా కాదు. భగవంతం తర్వాత ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు, ఐఐఎస్సీకి డైరెక్టర్ అయ్యాడు. అది వేరే కాలం, ఆయన అసాధారణ ప్రతిభావంతుడు, ఒప్పుకుంటాను. ఆయన వెతుక్కున్నది మాత్రం పని జరిగే ప్రయోగశాలను.

ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండి ఫిజిక్స్ చదవాలనుకునేవారికి ఒక ముఖ్యమైన విషయం. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు వచ్చేనాటికి ఐఏటీ, నెస్ట్ దరఖాస్తుల గడువు ముగిసిపోయి ఉంటుంది. ర్యాంకు వచ్చాక చూద్దాంలే అని ఆగినవారికి ఆ సంవత్సరం ఆ రెండు తలుపులూ లేనట్టే. మీ కాలేజీలో ఎవరూ చెప్పకపోవచ్చు. వేసవికి ముందే రెండింటికీ దరఖాస్తు చేయండి. దగ్గరలోని రెండు మూడు డిగ్రీ కాలేజీల ల్యాబ్‌లు ఇప్పుడే వెళ్లి చూసి రండి. ల్యాబ్ చూపించడానికి ఒప్పుకోని కాలేజీలో చేరకండి.